మా వీధికి ఒక్క ఫేజు వచ్చింది

తుఫాను గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గాలి వచ్చింది, వాన వచ్చింది, రెండూ పోయాయి. టీవీవాళ్లు గొడుగులు తిరగబడేదాకా నిలబడి అంతా చెప్పేశారు. నేను చెప్పేది ఆ తర్వాతి ఆరు రోజుల సంగతి. తుఫాను ఒక్క రాత్రిలో వెళ్లిపోతుంది. కరెంటు లేకపోవడం అలా కాదు, పిలవని చుట్టంలా మంచం వాల్చుకుని ఇంట్లోనే ఉండిపోతుంది.

మా ఊరు విజయవాడ నుంచి కూచిపూడి వైపు వెళ్లే దారిలో ఉంది. పేరు చెప్పను. చెబితే మా వీధివాళ్లు ఇది చదివి మళ్లీ పంచాయితీ పెడతారు, దానికి నాకు ఓపిక లేదు. రోజూ బస్సెక్కి గవర్నర్‌పేటలో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టు ఆఫీసుకి వెళ్లొస్తుంటాను. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి కాగితాల రీములకి బిల్లులు రాస్తున్నావేమిటని అడిగేవాళ్లకి నా దగ్గర మంచి జవాబులున్నాయి గానీ, ఇక్కడ వద్దు.

మా అత్తగారు మిషనాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా చాలామటుకు పోయింది. మిగిలినవి నాలుగు: ‘ఊ’, ‘వద్దు’, ‘చాల్లే’, ‘ఏసయ్యా’. ఈ నాలుగింటితో ఆవిడ ఇల్లంతా నడిపించే తీరు చూస్తే నాకున్న మాటలన్నీ దండగ అనిపిస్తుంది.

ఎండాకాలంలో ఆవిడకి నడుం కింద పుండు పడింది. మొదట శనగగింజంత ఎరుపు. నేను పౌడరు అద్ది ఊరుకున్నాను. పది రోజుల్లో నా బొటనవేలు పట్టేంత గుంట అయింది. విజయవాడలో డాక్టరు దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, చదువుకున్నవాళ్ల ఇంట్లో ఇదేమిటమ్మా అన్నాడు. అప్పుడే గాలి పరుపు కొన్నాం. అది మామూలు పరుపు మీద పరిచే రబ్బరు గొట్టాల వరస. మంచం చివర చిన్న డబ్బాలాంటి పంపు వేలాడుతుంటుంది. అది కాసేపు ఒక వరస గొట్టాల్లోకి గాలి నింపుతుంది, కాసేపు రెండో వరసలోకి. అలా ఒంటి బరువు ఒకేచోట ఆనకుండా మారుతూ ఉంటుంది. దానికి కావలసింది పది వాట్లు. దోమలమందు యంత్రానికీ దానికీ పెద్ద తేడా లేదు.

మూడు నెలలు రోజూ కడిగి, మందు పెట్టి, గుడ్డ కట్టి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, ఎట్టకేలకు తుఫానుకి వారం ముందు ఆ గుంట పూడింది. పైన ఉల్లిపొరలాంటి గులాబీ చర్మం వచ్చింది. డాక్టరు సంతోషించి వెంటనే భయపెట్టాడు. ఇది కొత్త చర్మం, దీని మీద బరువు పడిందా మళ్లీ తెరుచుకుంటుంది, ఈసారి ఎముకదాకా పోతుంది, ఈ వయసులో అది మానదు అన్నాడు. అంచేత ఆ ఆరు రోజులూ ఊళ్లో ఎన్ని చెట్లు పడ్డాయో, ఎవరి అరటితోట నేలమట్టం అయిందో నన్నడక్కండి. నాకు తెలిసిన భూగోళమంతా అరచెయ్యంత చర్మం.

మొదటి సాయంత్రానికే ఇన్వర్టరు చేతులెత్తేసింది. పంపు ఆగిపోయింది. పరుపు గంటలో చప్పబడి, అత్తగారి కింద ఒట్టి రబ్బరు షీటు మిగిలింది. చెమట పట్టి ఒంటికి అతుక్కుపోయే షీటు. గొట్టాల మూతుల్ని మడిచి రబ్బరు బాండ్లు వేశాను, సైకిలు పంపుతో కొట్టబోయాను. మూతి పట్టలేదు. పట్టించడానికి కొవ్వొత్తి వెలుగులో దాని చుట్టూ ప్లాస్టరు చుట్టి కొడుతుంటే ప్లాస్టరు ఊడి గాలి నా మొహాన తగిలింది. అత్తగారు ‘చాల్లే’ అన్నారు.

అప్పుడు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మావారు తాసిల్దారు ఆఫీసులో గుమస్తా, తుఫాను డ్యూటీ వేశారు. హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో ఊరందరికీ పులిహోర పొట్లాలు పంచుతున్నారు. పగలు అత్తగారిని చూసుకోవడానికి ఒకావిడ వస్తుంది, ఆవిడ ఇంటి రేకులు లేచిపోయాయి. ఆవిడా ఆ కేంద్రంలోనే ఉంది, మావారి చేతి పులిహోరే తింటోంది. ఆవిడ తప్పు ఏమీ లేదు. మావారి తప్పు కూడా లేదంటారు అందరూ. నేననను. రోజుకోసారి సైకిలు మీద వచ్చి, గుమ్మంలో నిలబడి, ‘ఎలా ఉంది?’ అని అడిగి, జవాబు పూర్తవకముందే వెళ్లిపోయే మనిషిని ఎంతవరకు క్షమించాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక్కదాన్ని తిప్పాలి. ఆవిడ మనిషి పొడగరి, పడిపోయిన వైపు బరువు మరీ ఎక్కువ. దుప్పటి అంచు పట్టి లాగి, మోకాలు మంచానికి ఆనించి, భుజం ఒక చేత్తో, తుంటి ఒక చేత్తో పట్టి ఒరిగించి, వీపు వెనక దిండు దోపాలి. రెండు గంటలకి మళ్లీ రెండోవైపు. మధ్యలో దుప్పటి తడిస్తే మార్చాలి. మార్చినవి ఉతకాలంటే నీళ్లు కావాలి, నీళ్లు కావాలంటే మోటారు ఆడాలి. మోటారు లేదు కాబట్టి సందు చివర బోరింగు కొట్టి రెండు బిందెలు, మళ్లీ రెండు బిందెలు. ఉతికినవి ఆరవు. తుఫాను వెళ్లాక వచ్చే ఎండ మీకు తెలుసుగా, ఉడకబెడుతుందే గానీ ఆరబెట్టదు. మంచానికీ బోరింగుకీ మధ్య తిరుగుతూ రెండో రోజు మధ్యాహ్నానికి నేను నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.

ఆ రెండో రోజే చర్చి నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు, పడకలో ఉన్న పెద్దావిడ కోసం ప్రార్థన చేద్దామని. వందనాలమ్మా అని చుట్టూ నిలబడి కళ్లు మూసుకోబోతుంటే, ప్రార్థన తర్వాత, ముందు తలో కాలో చెయ్యో పట్టుకోండి అన్నాను. ఒకావిడ నొచ్చుకుంది. నొచ్చుకున్నా పట్టుకుంది. అయిదుగురం కలిసి తిప్పితే అత్తగారు పువ్వులా తిరిగారు. తర్వాత వాళ్లు చేసిన ప్రార్థనకి నేను నిజంగానే ఆమెన్ అన్నాను. కానీ వాళ్ల ఇళ్లల్లోనూ చీకటే, నీళ్లు లేవు, వాళ్లకీ ముసలివాళ్లూ పిల్లలూ ఉన్నారు. మళ్లీ రండని అడగలేదు. అడగడం నాకు రాదు. అడగవలసినచోట కూడా దెబ్బలాడతానని మా అమ్మ అనేది.

లైన్‌మాన్‌తో కూడా అలాగే చేశాను. అతను మోకాళ్లదాకా బురదతో బండి మీద పోతుంటే అడ్డంగా నిలబడి, మా వీధేం పాపం చేసింది, మెయిన్ రోడ్డు మీద కొట్లకి ముందు ఎలా ఇచ్చారు, ఎవరి సిఫార్సు మీద ఇచ్చారు అని నిలదీశాను. అతను బండి ఆపి ఓపిగ్గా విన్నాడు.

“అయిపోయిందా అమ్మా? మా ఇంట్లో కూడా లేదు. మా ఆవిడ కూడా ఇవే అడిగింది, ఇదే వరసలో.”

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

మూడో రోజు సాయంత్రం అతనే వచ్చి మా వీధి స్తంభం ఎక్కాడు. మూడు తీగల్లో రెండు తెగి దూరాన పొలాల్లో పడ్డాయట. ఒక్కటి బాగుంది. దాన్ని కలిపాడు. అంటే ఒక్క ఫేజు వచ్చింది. ఆ ఫేజు మీదున్న ఏడెనిమిది ఇళ్లల్లో లైట్లు వెలిగాయి, మిగతా పాతిక ఇళ్లూ చీకట్లోనే ఉన్నాయి. మా కుడిపక్క ఇంటి మాస్టారికి వచ్చింది. మాకు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో చాలా ఇళ్లకి మూడు ఫేజుల మీటర్లు. మీటరు పక్కన గోడకి నల్లటి గుండ్రటి స్విచ్చి ఉంటుంది. దాన్ని ఒక మెట్టు తిప్పితే ఇల్లంతా ఈ ఫేజు మీంచి ఆ ఫేజు మీదకి పోతుంది. మామూలు రోజుల్లో అది మా అందరికీ అలవాటే. కరెంటు పోగానే వీధిలోకి తొంగిచూడటం, ఎవరింట్లో ఉందో కనిపెట్టడం, లోపలికొచ్చి టక్కున తిప్పడం. మా వీధి పిల్లలు అక్షరాల కంటే ముందు అదే నేర్చుకుంటారు. అయితే పాతిక ఇళ్లు ఒకేసారి ఒకే తీగ మీద పడితే ఏమవుతుందో లైన్‌మాన్ స్తంభం మీంచే చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మరు పాతది, మూడు రోజులు నానింది, ఉన్నవాళ్లే వాడుకోండి, మిగతావాళ్లు తిప్పొద్దు, కాలిందంటే ఇంకోటి ఎప్పుడొస్తుందో నాకే తెలీదు అన్నాడు.

అతను వెళ్లాక వీధంతా స్తంభం కింద చేరింది. ఎవరి అవసరం వాళ్లకి పెద్దది. ఎదురింటావిడ దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది, దాని మీదే బతుకుతుంది. ఆవిడ నా దగ్గరికే వచ్చి నెమ్మదిగా అడిగింది.

“ఒక్క గంట తిప్పుకుంటానండీ. గ్రైండరు ఒక్కటే. పప్పు నానబోసేసి ఉంది, వాసనొస్తోంది.”

నేను ఊరుకుంటానా. నాకు ఫిజిక్సు తెలుసు, నోరుంది, చుట్టూ జనం ఉన్నారు.

“మీకు గ్రైండరు ఒక్కటే. ఈయనకి మోటారు ఒక్కటే. ఆయనకి ఫ్రిజ్జు ఒక్కటే. ఇన్ని ఒక్కటేలు కలిస్తే ట్రాన్స్‌ఫార్మరు చితికెక్కుతుంది. మా ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంది, నేను తిప్పుకుంటున్నానా?”

ఆ చివరి మాటతో అందరూ తలలు వంచుకున్నారు. ఎవరూ తిప్పకూడదని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఎదురింటావిడ ఇంట్లోకెళ్లి నానిన పప్పంతా తెచ్చి గేదెల కుడితి తొట్లో పోసింది. నేను గెలిచాను. ఇంటికొచ్చి అత్తగారిని ఎడమ పక్కకి తిప్పాను.

తెల్లారి ఆరింటికి మళ్లీ కుడి పక్కకి తిప్పుతూ చర్మం చూశాను. ఎర్రబడింది. ఎరుపుని ఎలా పరీక్షించాలో డాక్టరు నేర్పాడు. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడాలి. అలా అయితే ఇంకా టైముంది. నొక్కినా తెల్లబడకపోతే లోపల మొదలైపోయిందన్నమాట. నొక్కాను. తెల్లబడలేదు. కిటికీ దగ్గర వెలుగు చాల్లేదేమోనని టార్చి వేసి మళ్లీ నొక్కాను. అత్తగారు మెడ తిప్పి నా మొహం చూస్తున్నారు. ముప్ఫై ఏళ్లు ఎంతమంది వీపుల మీద అలా నొక్కి చూశారో. ఆవిడకి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. పక్కింటి మాస్టారింట్లో కరెంటుంది కదా, ప్రహరీ మీంచి ఒక వైరు వేయించుకుంటే పది వాట్లు ఎవరు కాదంటారు? నిజమే. కాకపోతే వానాకాలం మొదలైనప్పట్నుంచి మాస్టారికీ నాకూ మాటల్లేవు. ఆయన వంటింటి నీళ్లు మా గేటు ముందుకొస్తాయి. దాని గురించి ఆయన్ని వీధిలో నిలబెట్టి, ఇన్నేళ్లు పిల్లలకి శుభ్రత పాఠం ఎలా చెప్పారని అడిగాను. అలా అన్న నోటితో వైరు అడగాలి. వాకిట్లోకి వెళ్లాను, ప్రహరీ దాకా వెళ్లాను. ఆయన అవతల వరండాలో కూర్చుని పళ్లు తోముకుంటున్నారు. వెనక్కొచ్చేశాను.

ఇంట్లో ఉన్న స్విచ్చీలన్నీ ఒక్కొక్కటీ ఆపాను. ఫ్రిజ్జు ప్లగ్గు పీకాను. ఫ్యాను కూడా ఆపాను. పంపు ఒక్కటే ఉంచి, ఆ నల్ల స్విచ్చి తిప్పాను. గదిలోంచి అత్తగారు ‘వద్దు’ అన్నారు. కిటికీలోంచి ముందురోజు నా ఉపన్యాసమంతా ఆవిడ విన్నారు మరి. లేకపోతే నొప్పికి అన్నారో. నేను దాన్ని నొప్పి కిందే లెక్క వేసుకున్నాను.

పంపు మీద చిన్న పచ్చ లైటు వెలిగింది. గొట్టాలు ఒక్కొక్కటే లేచాయి. మూడు రోజుల తర్వాత ఆవిడ ఒళ్లు రబ్బరు మీంచి పైకి తేలింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ గరగర వింటూ కళ్లు మూసుకున్నాను. అంత హాయి నేను ఏ పాటలోనూ ఎరగను.

ఏడు దాటాక గ్రైండరు చప్పుడుకి మెలకువ వచ్చింది. ఎదురింట్లో. లేచి కిటికీ దగ్గరికి వెళ్లేసరికి నాలుగిళ్ల అవతల మోటారు మోగుతోంది. తర్వాత ఇంకోటి. నీళ్లు పైన ట్యాంకులోకి పడుతున్న చప్పుడు, ఎవరింట్లోనో టీవీ. నేను తడి దుప్పటి ఒకటి చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాను. అరుద్దామని నోరు తెరిచాను. ఏమని అరవను? ఎనిమిదింటికి సందు మొగలో పెద్ద శబ్దం అయింది. కాకులన్నీ లేచాయి. గ్రైండరు మూలిగి ఆగింది. నా వెనక గదిలో పంపు ఆగింది.

జనం ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్లి, దాని మీంచి లేస్తున్న పొగ చూసి, తిన్నగా ఎదురింటావిడ గేటు ముందుకి వచ్చారు. అందరికీ వినబడింది గ్రైండరే కదా. మోటార్లు వేసినవాళ్లు కూడా, నీ గ్రైండరు విని మేం వేసుకున్నాం అన్నారు. పప్పు కోసం ఊరిని ముంచింది అన్నారు. పెద్దావిడ మంచాన ఉండి కూడా వాళ్లు తిప్పుకోలేదే, నీకేం తొందర అని ఒకాయన నా వైపు చెయ్యి చూపించి మరీ అడిగాడు. ఆవిడ పిండి చేతులు ముందుకి పట్టుకుని నిలబడింది. ఒక్కసారి నా వైపు చూసింది. నేను తడి దుప్పటి పిండుతూ నిలబడ్డాను. దాంట్లోంచి చుక్క కూడా రావడం లేదు, ఎప్పుడో పిండేశాను. మా వీధిలో జరిగిన గొడవలన్నిట్లో నేను నోరు విప్పనిది అదొక్కటే.

ఆ రోజంతా ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. తిప్పాను, నీళ్లు మోశాను, మళ్లీ తిప్పాను. మావారు వచ్చి, పొట్లం ఒకటి కిటికీలో పెట్టి, ఎదురింటావిడ ఎంత పని చేసిందట అన్నారు. నేను తలుపు వేసేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఎదురింటావిడ వచ్చింది. గేటు తీసుకుని, చెప్పులు బయట విప్పి, తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్లింది. నేనప్పుడే తిప్పడానికి దుప్పటి పట్టుకుని ఉన్నాను. ఆవిడ రెండోవైపు అంచు పట్టుకుంది. ‘లాగండి’ అంది. ఇద్దరం లాగాం. దిండు దోపాక కొంగుతో మొహం తుడుచుకుని, అత్తగారి వైపు చూస్తూనే నాతో చెప్పింది.

“ఆరింటికి వాకిలి ఊడుస్తుంటే మీ కిటికీలో పచ్చ లైటు చూశానండీ. రోట్లో రుబ్బుదామని రాత్రి మళ్లీ పప్పు నానబోసి ఉంచాను. మీరే వేసుకున్నారంటే ఇంక పర్వాలేదేమో అనుకున్నాను. చదువుకున్నవారు కదా.”

“మరి వాళ్లకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు కాదంటారు. మీతో వాదించి నెగ్గేదెవరండీ?”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సుళువయ్యేది. పది వాట్లండీ, పది వాట్లు మాత్రమే అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే రోత పుట్టింది. ఆవిడ, మళ్లీ ఎన్నింటికి అని అడిగింది. అయిదింటికి అన్నాను. అయిదింటికి వచ్చింది. ఏడింటికి వచ్చింది. మర్నాడు కూడా వచ్చింది. మా ఇద్దరికీ మధ్య మాటలేమీ లేవు. ‘లాగండి’, ‘కొంచెం పైకి’, ‘దిండు’. అంతే. వీధిలో ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదు. బోరింగు దగ్గర ఆవిడ బిందె పెడితే వెనకవాళ్లు ఆగకుండా ముందుకి జరిగిపోతున్నారు. మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. నేనేమో ‘దిండు’ అంటున్నాను.

ఆరో రోజు పొద్దున లారీలో వేరే ట్రాన్స్‌ఫార్మరు తెచ్చారు. వీధంతా మళ్లీ సందు మొగలో చేరింది. లైన్‌మాన్ మొహం పీక్కుపోయి ఉంది, చూపు కూడా నిలవడం లేదు. కాలినదాన్ని దింపుతూ, వద్దంటే వినలేదు గదా, ముందు తిప్పిన మారాజెవరు అన్నాడు. ఎవరో, పిండి రుబ్బిన మహారాణిని అడుగు అన్నారు. అందరూ నవ్వారు. ఎదురింటావిడ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. అయిదు అడుగులు వేసి ఉంటుంది.

“ముందు తిప్పింది నేను,” అన్నాను.

నా గొంతు అలవాటు కొద్దీ పెద్దదిగానే వచ్చింది. ఆవిడకి వినబడింది, ఆగింది.

“ఆరింటికి తిప్పాను. మా అత్తగారి పరుపు పంపు కోసం. నన్ను చూసి ఆవిడ తిప్పింది, ఆవిడ గ్రైండరు విని మీరు తిప్పారు. ఎవర్నైనా అడగాలంటే నన్నడగండి.”

నేను అందరి తిట్లకీ సిద్ధపడి, ఒక్కోదానికి జవాబు కూడా వెతుక్కుని నిలబడ్డాను. లైన్‌మాన్ నా వైపు చూసి, మీరాండీ, అని మళ్లీ తన పనిలో పడ్డాడు. ఒకరిద్దరు గొణుక్కున్నారు. చెయ్యి చూపించిన ఆయన తన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు మాస్టారు, మూడు నెలల తర్వాత మొదటిసారి, నాతో మాట్లాడారు.

“ఆ చిన్న పంపు కోసమా? నన్నడిగితే వైరు ఇచ్చేవాణ్ని గదమ్మా.”

“మీరివ్వరనుకున్నాను.”

“అరగంట తిట్టి ఇచ్చేవాణ్ని.”

ఈసారి అందరూ నవ్వింది నా మీద. నాకు నవ్వడానికీ ఏడవడానికీ ఓపిక లేదు. పదకొండింటికి తిప్పాలి. ఇంటికి వెళ్లిపోయాను. వెనకాలే ఎదురింటావిడ వచ్చింది. అందరి ముందూ చెప్పాను కదా, ఆవిడ ఒక మాట అంటుందని ఎదురు చూశాను. ఆవిడేమో దుప్పటి అంచు పట్టుకుని, ఇవ్వాళ మీరు ఇటు రండి, నాకు ఈ భుజం పీకేస్తోంది అంది.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు వచ్చింది. మూడు ఫేజులూ వచ్చాయి. వీధిలో పిల్లలు ఓయ్ అని అరిచారు. పరుపు లేచింది. సాయంత్రం వెలుగుండగానే, ట్యూబులైటు కూడా వేసి, అత్తగారిని ఒరిగించి చూశాం. ఎర్రబడినచోట నడిమధ్యన చర్మం ఊడింది. కందిగింజంత. చుట్టూ నల్లగా ఉంది. అత్తగారికి నా చేతులు ఆగడం తెలిసింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టి, తడిమి, నా వేళ్లు దొరికితే పట్టుకున్నారు. ఓదార్పు కాదది. నర్సుల పట్టు. నా చేతిని దూది ఉన్న పళ్లెం వైపు తోశారు. ‘కానియ్, మొదలుపెట్టు’ అన్నట్టు.

విజయవాడ డాక్టరు రెండ్రోజుల తర్వాత చూసి, ఎముకదాకా పోలేదు గానీ మానడానికి ఎంత పడుతుందో చెప్పలేనన్నాడు. పంపు ఎందుకాగిందని అడిగితే తుఫాను అన్నాను. వాదించడానికి ఆయనకి తీరిక లేదు, నాకు ఓపిక లేదు.

అది జరిగి రెండు నెలలు దాటింది. కందిగింజ రూపాయికాసంత అయి, అక్కడ ఆగి, ఇప్పుడు అంచుల నుంచి కొంచెం కొంచెంగా పూడుతోంది. పగలు చూసుకునే ఆవిడ రేకులు వేయించుకుని మళ్లీ పనిలోకి వచ్చింది. మావారు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి కుడి పక్క తిప్పడం నేర్చుకున్నారు, బాగానే తిప్పుతున్నారు, ఆ మాట ఆయనతో అనలేదు. ఎదురింటావిడ ఆదివారాలు వస్తుంది. వీధిలో ఆవిడతో అందరూ మాట్లాడుతున్నారు, నాతోనే కొంచెం తగ్గించారు. మాస్టారి నీళ్లు మా గేటు ముందుకి వస్తూనే ఉన్నాయి. ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి తిప్పి వచ్చాను. ఇందాకటిది ఎడమవైపు. నాలుగింటికి కుడివైపు.